‘ఆ మాట ముందే చెప్పేయొచ్చు కదా?’: కుటుంబ కామెడీల్లో కథ తెగే చోట్లు

కుటుంబ కామెడీలో లాజిక్ వెతకకూడదని చాలామంది అంటారు. ఆ మాట ప్రేక్షకుడికీ న్యాయం చేయదు, సినిమాకీ న్యాయం చేయదు. యాక్షన్ సినిమాలో హీరో ఒక్కడే ఇరవై మందిని కొడితే ఎవరూ లెక్క అడగరు. అది ఆ కథ మొదట్లోనే పెట్టుకున్న షరతు. పెళ్లింటి కథ అలా కాదు. తెర మీద ఉన్నది మనిళ్లలాంటి ఇల్లే. శుభలేఖ ముందు ఎవరికివ్వాలో, వియ్యపురాలు ఏ మాటకి అలుగుతుందో, పొలం కాగితాలు ఎవరి బీరువాలో ఉంటాయో హాల్లో కూర్చున్న ప్రతివాళ్లకీ తెలుసు. అందుకే లొసుగు దొరికిపోయేది ఇక్కడే ఎక్కువ.

హాలు బయటికొచ్చాక ‘లాజిక్ లేదు’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు విషయాల్ని కలిపేస్తుంటాం. ఎడమ చేతి గడియారం తర్వాతి షాట్‌లో కుడి చేతికి మారితే అది కంటిన్యుటీ పొరపాటు. దానివల్ల కథకి నష్టమేమీ లేదు. హీరో ఎక్కిన బస్సులోనే హీరోయిన్ ఉంటే అది కాకతాళీయం. కథ మొదలవడానికి అలాంటిది ఒకటి జరిగితే ఒప్పుకుంటాం, ముడి విప్పడానికి చివర్లో వాడితే ఒప్పుకోం. ఇంటర్వెల్ ముందు కనిపించిన మనిషి ఆ తర్వాత ఏమయ్యాడో చెప్పకపోతే అది జవాబు లేని ప్రశ్న. కథ తను చెప్పినదాన్ని తనే కాదన్నా, పాత్ర తనకి తెలిసిన సంగతి తెలియనట్టు నడుచుకున్నా అది అసలైన లొసుగు. కుటుంబ కామెడీని దెబ్బతీసేది ఎక్కువగా ఈ చివరిదే. దాని మూలం ఎప్పుడూ ఒకటే: నోరు మూసుకోవడానికి కారణం లేని మనిషి నోరు మూసుకుని ఉండటం.

పరీక్షించడానికి ఒక కథ అల్లుకుందాం. ఇది ఏ ఒక్క సినిమాదీ కాదు, తెలుగులో దశాబ్దాలుగా తిరుగుతున్న ముడిసరుకు. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గర్లో ఒక పాత మేడ. తాతయ్య, అమ్మమ్మ. పాతికేళ్ల కింద కూతురు నచ్చినవాణ్ని పెళ్లి చేసుకుని హైదరాబాద్ వెళ్లిపోయింది, అప్పట్నుంచి మాటల్లేవు. ఇప్పుడు మేనమామ కూతురికి శ్రీకాకుళం సంబంధం కుదిరింది, పెళ్లి సంక్రాంతికి. వెళ్లిపోయిన కూతురి కొడుకు పేరు మార్చుకుని, తనది శ్రీకాకుళం వైపు టెక్కలి అని చెప్పుకుని, క్యాటరింగ్ మేనేజరుగా ఆ ఇంట్లో దిగుతాడు. తాతయ్య తమ్ముడు ఆస్తి మీద కన్నేసి వీలునామా చేజిక్కించుకుంటాడు. చివర్లో పీటల మీద పెళ్లికొడుకు మారతాడు, తాతయ్య మనవణ్ని గుర్తుపట్టి కరుగుతాడు.

నోరు విప్పకపోవడానికి ధర

ఈ కథని ముందు ఒక్క ప్రశ్న అడగాలి. ‘తాతయ్యా, నేను మీ కూతురి కొడుకుని’ అని కుర్రాడు మొదటి రోజే చెప్పేస్తే ఏమవుతుంది? గట్టిగా రెండు అరుపులు, కాస్త ఏడుపు, ఆపైన అందరూ భోజనాలకి కూర్చుంటారు అనిపిస్తే అక్కడ సినిమా లేదు. చెబితే ఏదో పోవాలి. అది పోతుందని ప్రేక్షకుడు కళ్లారా చూడాలి. ‘తాతయ్యకి కోపం ఎక్కువ’ అని పనివాడి చేత చెప్పించడం చాలదు.

దానికి నలభై సెకన్ల సన్నివేశం సరిపోతుంది. పంక్తి భోజనాలు నడుస్తుంటాయి. చుట్టపుచూపుగా వచ్చిన ముసలాయన ఒకరు పొరపాటున ఆ కూతురి పేరెత్తుతాడు. తాతయ్య ఏమీ అనడు, విస్తట్లో నీళ్లు వదిలి లేచిపోతాడు. పెద్దాయన లేచాడు కాబట్టి వరసలో ఒక్కొక్కరూ చెయ్యి ఆపేస్తారు. గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న మనవడు మధ్యలో నిలబడిపోతాడు. ఆ తర్వాత ఆ కుర్రాడు ఎందుకు చెప్పడం లేదని ఎవరూ అడగరు.

అయితే ఈ ధర చివరిదాకా నిలబడాలి. ఎక్కువ కథలు తెగేది ఇక్కడే. కథ మధ్యలో, పాటకి ముందో వెనకో, తాతయ్య గది తలుపేసుకుని కూతురి ఫొటో చూసి కళ్లు తుడుచుకునే సన్నివేశం ఒకటి పడుతుంది. మనసుని తాకే సన్నివేశమే. కానీ కిటికీలోంచి మనవడు అది చూసేశాడంటే ధర అక్కడే సున్నా అయిపోయింది. తాతయ్యకి కూతురి మీద ప్రేమ ఉందని తెలిసిపోయాక ఇక ఆగడం దేనికి? అది 34వ సన్నివేశం, నిజం బయటపడేది 60వది అనుకుందాం. మధ్యలో ఇరవై అయిదు సన్నివేశాలు, దాదాపు యాభై నిమిషాలు, హీరో కారణం లేకుండా మౌనంగా ఉంటాడు. దీన్నే ప్రేక్షకులు ‘సెకండాఫ్ లాగింది’ అంటారు. కామెడీ ట్రాక్ కత్తిరించి నిడివి తగ్గిస్తే ఆ జబ్బు పోదు. అది నిడివికి సంబంధించింది కాదు కాబట్టి.

మార్గాలు రెండున్నాయి. ఒకటి, ఆ కన్నీళ్లు ప్రేక్షకుడు మాత్రమే చూడాలి, మనవడు చూడకూడదు. రెండోది ఇంకా మంచిది: పాత ధర పోయేసరికి కొత్త ధర తయారుగా ఉండాలి. అప్పటికి తాతయ్య ఆ క్యాటరింగ్ కుర్రాణ్ని సొంతవాడిలా నమ్మి తాళాలు చేతికిచ్చాడు, ‘ఈ ఇంట్లో అబద్ధం చెప్పనివాడు నువ్వొక్కడివే’ అన్నాడు. మొదట్లో చెబితే గెంటేస్తాడన్న భయం, ఇప్పుడు చెబితే ఆ నమ్మకం పోతుందన్న భయం. ఇలా భయం తాతయ్య కోపం నుంచి మనవడి సిగ్గులోకి మారితే రెండో సగం దానంతటదే నడుస్తుంది.

పాతికేళ్లుగా ఒక్క ఫొటో కూడా చూడలేదా?

దొంగపేరు కథలు సెల్‌ఫోన్ లేని కాలంలో తేలిగ్గా నిలబడేవి. ఇప్పుడు పిన్నికి తెలియకుండా అక్క కొడుకు పుట్టినరోజు ఫొటో దాగదు. పెద్దవాళ్లు మాట్లాడుకోకపోయినా పిల్లలు ఒకరి ఖాతా ఒకరు చూసుకుంటూనే ఉంటారు. పైగా మూడు వారాలు ఇంట్లో ఉండి పనిచేసే మనిషి పూర్తి పేరు, ఊరు, ఇంటిపేరు అడక్కుండా ఉత్తరాంధ్ర పెళ్లింట్లో ఎవరూ ఊరుకోరు. ‘టెక్కలిలో ఎవరబ్బాయివి?’ అన్నది రెండో ప్రశ్నే అవుతుంది.

ఎవరికీ తెలియలేదని బుకాయించడం కంటే ఒకరికి తెలిసిందని ఒప్పుకోవడం కథకి బలం. ఆ ఒక్కరు అమ్మమ్మ అయితే మరీ మంచిది. మొదటి రోజు భోజనంలో కుర్రాడు ముద్దపప్పు పక్కకి నెట్టి ముందు పులుసు కలుపుకోవడం ఆవిడ చూస్తుంది. కూతురు చిన్నప్పట్నుంచీ అంతే. ఆవిడ ఏమీ అడగదు. మర్నాటి నుంచి క్యాటరింగ్ కుర్రాడికి మాత్రం విడిగా ఒక గిన్నెతో పులుసు వస్తుంది. లొసుగు ఉండాల్సిన చోట ఇప్పుడు సినిమాలోనే మంచి పాత్ర ఒకటి పుట్టింది. ఆవిడ ఎందుకు దాచిందన్నదానికి కూడా పంక్తి భోజనాల సన్నివేశమే జవాబు.

యాస సంగతి కూడా ఈ లెక్కలోదే. టెక్కలి కుర్రాణ్నని చెప్పుకున్నవాడి నోట ‘ఏటి’, ‘గుంటడు’ అన్న మాటలు ఒక్కసారీ రాకుండా అచ్చం హైదరాబాద్ తెలుగు వస్తుంటే ఇంట్లో అనుమానం పడాల్సిందే. ఇంతకంటే పెద్ద లొసుగు ఇంకోటుంది. ఇంటి పెద్దలంతా పుస్తకాల తెలుగు మాట్లాడతారు, వంటవాడూ డ్రైవరూ మాత్రమే శ్రీకాకుళం యాస మాట్లాడతారు. ఒకే ఇంట్లో, ఒకే ఊళ్లో పుట్టిపెరిగిన మనుషులకి రెండు భాషలు ఎక్కడి నుంచి వచ్చాయి? యాసని నవ్వు పుట్టించే పాత్రలకి మాత్రమే పరిమితం చేయడం ఆ ప్రాంతానికి అన్యాయం, కథకి కూడా నష్టం. ఎందుకంటే ఈ కథలో యాస ఆధారంగా పనికొస్తుంది. తల్లి హైదరాబాద్‌లో పాతికేళ్లున్నా ఇంట్లో ఊరి మాటే మాట్లాడింది కాబట్టి, మనవడికి కోపం వచ్చిన క్షణంలో ఆ మాట తన్నుకొస్తుంది. అది తాతయ్య వింటాడు. గుర్తుపట్టడానికి లాకెట్టు కన్నా ఇది నమ్మదగ్గ మార్గం.

వీలునామా చుట్టూ తిరిగే విలన్

ఆస్తి కాగితాల దగ్గర తెలుగు సినిమా చట్టాన్ని తరచూ పట్టించుకోదు. హాల్లో కూర్చున్నవాళ్లలో మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కనివాళ్లు తక్కువ.

వీలునామా విషయం చూద్దాం. అది రాసిన మనిషి బతికున్నంత కాలం దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రాసినాయన సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి తాతయ్య ఎదురుగా కుర్చీలో కూర్చునుండగా తమ్ముడు వీలునామా పట్టుకుని బెదిరించడంలో అర్థం లేదు, తాతయ్య రేపు పొద్దున్న ఇంకోటి రాసేయగలడు. రిజిస్టరు చేయించిన వీలునామాని తగలబెట్టినా కథ ముగియదు, దాని నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలో భద్రంగా ఉంటుంది.

ఇక గోడౌన్‌లో కట్టేసి సంతకం పెట్టించుకునే క్లైమాక్స్. ఇల్లూ పొలం చేతులు మారాలంటే దస్తావేజు రిజిస్టరు కావాలి. రాసిచ్చేవాళ్లు ఆఫీసుకి వెళ్లి ఒప్పుకోవాలి, అక్కడ ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. దస్తావేజు మీద సంతకం పడ్డాక రిజిస్ట్రేషన్‌కి మామూలుగా నాలుగు నెలల గడువుంటుంది. గోడౌన్ సంతకంతో ఆ రాత్రికి ఎవరూ జమీందారు అయిపోరు. బలవంతంగా తీసుకున్న సంతకాన్ని కోర్టులో కొట్టేయించుకోవచ్చు కూడా. విలన్ తెలివైనవాడని గంటన్నర నుంచి చెప్పిన కథ, చివరికి వాడితో ఏ పనికీ రాని కాగితం కోసం కిడ్నాప్ చేయిస్తుంది. దీన్ని దిద్దడం కష్టం కాదు. తాతయ్య మంచాన పడ్డప్పుడు ఆసుపత్రి పనులకని నమ్మబలికి తమ్ముడు తన పేరున జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అన్నయ్య తరఫున ఆస్తి అమ్మే అధికారమిచ్చే పత్రం, రిజిస్టరు చేయించుకున్నాడని రాస్తే ప్రమాదం నిజమైనది అవుతుంది. దాన్ని రద్దు చేయించేలోపు అమ్మకం జరిగిపోతుందన్న గడువు కూడా కథకి దొరుకుతుంది.

కూతురితో తాతయ్య అనే ‘నీకు చిల్లిగవ్వ రాదు’ అన్న మాటకి కూడా షరతుంది. తన సంపాదనతో కట్టిన ఇల్లు ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన వాటా వరకే వీలునామా రాయగలడు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం 1985 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కుంది. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ దాన్ని కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇష్టపడి పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. కాబట్టి ‘ఈ మేడ నా కష్టార్జితం’ అన్న ఒక్క మాట తాతయ్య చేత మొదట్లో అనిపిస్తే సరిపోతుంది. లేదా కూతురికి హక్కు ఉందని తమ్ముడికి తెలుసు, అందుకే తండ్రీ కూతుళ్లు కలవకుండా పాతికేళ్లు ఆయనే ఉత్తరాలు దాచేశాడు అని రాస్తే ఇంకో పెద్ద ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది. ఇన్నేళ్లూ వాళ్లు ఎందుకు మాట్లాడుకోలేదన్నదే ఆ ప్రశ్న.

సంక్రాంతికి పెళ్లేమిటి?

సంక్రాంతి విడుదల కోసం తీసే సినిమాల్లో ముగ్గులూ భోగిమంటా పెళ్లీ మూడు రోజుల్లో ముగిసిపోతాయి. కానీ మకర సంక్రమణం జరిగే చాంద్రమాసమే పుష్యం. పుష్యంలో మన వైపు పెళ్లి ముహూర్తాలు పెట్టరు. మాఘం వచ్చేదాకా ఆగాలి. అది ఒక్కో ఏడు పండగ వెళ్లిన నాలుగైదు రోజులకే వస్తుంది, ఒక్కో ఏడు దాదాపు నాలుగు వారాలు పడుతుంది. వచ్చినా గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో ఉంటే ఇంకా జరుగుతుంది. కథకి దీనివల్ల మేలే జరుగుతుంది. పండక్కి వచ్చిన పెళ్లికొడుకు వైపు వాళ్లు నిశ్చితార్థం చేసుకుని వెళ్లారు, పెళ్లి మాఘంలో అంటే, మనవడికి ఆ ఇంట్లో ఉండటానికి సహజంగానే కొన్ని వారాలు దొరుకుతాయి.

విజయనగరం కథలో పండగ కావాలంటే పైడితల్లమ్మ సిరిమాను ఎటూ ఉంది, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర. కాకపోతే అది విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ముందురోజు సోమవారం తొలేళ్ల ఉత్సవం. సిరిమాను సన్నివేశం చూపించి ఆ తర్వాత దసరా చూపిస్తే ఊళ్లో ప్రతి ఒక్కరూ పట్టుకుంటారు. సిరిమానుకీ దీపావళికీ మధ్య రెండు మూడు వారాలే, ఆ వెంటనే కార్తీకం. సిరిమానులో పరిచయమైన జంటకి కార్తీకంలో పెళ్లి అంటే ఆ వేగానికి కారణం చెప్పాలి. చిత్రీకరణలో ఇంకో చిక్కుంది. మానుని ఆలయం నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పేది మధ్యాహ్నం దాటాక. నటుల దగ్గరి షాట్లు ఇంకో రోజు పొద్దున్న తీసి అతికిస్తే నీడలు ఎదురుదిశలో పడతాయి.

పెళ్లి తంతులో మరో సంగతి. మన పెళ్లిళ్లలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ. సినిమాల్లో మాత్రం ‘ముహూర్తం దాటిపోతోంది’ అని తాళిబొట్టు చుట్టూ ఉద్వేగం నడుస్తుంది. జీలకర్ర బెల్లం అయిపోయాక వరుణ్ని మార్చడానికి పురోహితుడు ఒప్పుకోవడమే పెద్ద ప్రశ్న. మార్పిడి తెర అడ్డు ఉన్నప్పుడే, అంటే అంతకుముందే జరగాలి. పైగా సప్తపది ఆచారం ఉన్నచోట ఏడో అడుగు పడితేనే పెళ్లి పూర్తయినట్టు 1955 నాటి హిందూ వివాహ చట్టం చెబుతోంది. మూడుముళ్లతో అంతా అయిపోయిందని నిట్టూర్చే విలన్‌కి ఈ సంగతి చెప్పగల లాయరు పాత్ర ఒకటి ఉంటే మంచి హాస్యం పుడుతుంది.

స్నేహితులు మధ్యాహ్నం రిజిస్టరు ఆఫీసుకి తీసుకెళ్లి గంటలో పెళ్లి చేయించేసే సన్నివేశం కూడా ఇలాంటిదే. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగాలి, ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అంతకుముందు ముప్పై రోజులు ఉండి ఉండాలి. గుళ్లో పెళ్లి చేసుకుని ఆ తర్వాత దాన్ని నమోదు చేయించుకోవడం వేరే పద్ధతి. రచయిత ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకుని దాని ప్రకారమే నడవాలి.

దూరాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. విజయనగరం నుంచి శ్రీకాకుళానికి రోడ్డు మీద దాదాపు 70 కిలోమీటర్లు. ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్నం అక్కడికి సుమారు 13 కిలోమీటర్లు. రైలు దిగిన పెళ్లికొడుకు తరుముతున్నవాళ్ల నుంచి తప్పించుకుని ఏడురోడ్ల కూడలిలోకి నడుచుకుంటూ వచ్చేస్తే ఆ రెండు జిల్లాల్లో సినిమా పరువు పోతుంది.

పాపం, ఆ మొదటి పెళ్లికొడుకు

కుటుంబ కామెడీలో జవాబు లేకుండా మిగిలే ప్రశ్నల్లో పెద్దది ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పీటల మీద నుంచి లేపేసిన ఆ శ్రీకాకుళం కుర్రాడు ఏమయ్యాడు? శుభలేఖలు పంచుకుని, బస్సు కట్టించుకుని, యాభై మంది చుట్టాలతో వచ్చిన వాళ్లమ్మానాన్నా ఏ మొహంతో ఇంటికెళ్లారు? కథ సాధారణంగా రెండు దొడ్డిదారులు తొక్కుతుంది. ఒకటి, చివరి పది నిమిషాల్లో ఆ కుర్రాణ్ని దుర్మార్గుడని తేల్చేస్తుంది. రెండోది, ‘ప్రేమని గౌరవిస్తున్నాను’ అని వాడి చేతే చెప్పించి, చప్పట్ల మధ్య ఫ్రేములోంచి పంపేస్తుంది. మొదటిది ముందు చూపించిన మంచితనాన్ని కాదంటుంది కాబట్టి లొసుగు, రెండోది వాడి బాధకి జవాబివ్వదు. ఈ సంబంధం పెద్దవాళ్లు పట్టుబట్టి కుదిర్చిందనీ, వాడికీ ఇష్టం లేదనీ, ఆ మాట వాళ్ల నాన్నకి చెప్పలేకపోయాడనీ ఇంటర్వెల్ ముందే నాటితే వాడు కథలో మనిషి అవుతాడు. అప్పుడు చెప్పలేని మాట ఒకటి రెండు ఇళ్లలోనూ ఉంటుంది.

మాయమైన పెళ్లికూతురితో కథ ఎలా నడపాలో విజయనగరంలోనే నూరేళ్ల కిందట ఒకాయన రాసి చూపించారు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో ఈ ఊళ్లోనే ఆడింది, 1897లో అచ్చయింది, బాగా పెంచి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ముసలి లుబ్ధావధాన్లు పెళ్లి చేసుకున్న పిల్ల రాత్రికి రాత్రి కనిపించకుండా పోతుంది. ఆపైన ఆయన మీద హత్యానేరం దాకా వెళ్తుంది వ్యవహారం. అయినా ‘ఆ పిల్ల ఏమైంది?’ అని చదివేవాడు ఎక్కడా తడబడడు. అది కరటక శాస్త్రి శిష్యుడు కట్టిన ఆడవేషమని ముందే తెలుసు. మగపిల్లవాడు ఆడపిల్లగా అంతమందిని ఎలా నమ్మించాడన్నదానికీ జవాబుంది: కరటక శాస్త్రి నాటకాలవాడు, శిష్యుడు ఆడవేషాల్లో ఆరితేరినవాడు. తెలియనిది లుబ్ధావధాన్లుకి, రామప్పంతులుకి. ఒకే సంఘటన గురించి ఎవరికి ఎంత తెలుసో రచయిత చేతిలో గట్టి లెక్క ఉంది కాబట్టే అంత చిక్కు కథ విడిపోకుండా నిలబడింది.

లొసుగు ఎక్కడ పుడుతుంది

రాసేటప్పుడు కొన్నే పుడతాయి. మిగతావి తీసేటప్పుడు, కోసేటప్పుడు పుడతాయి. రెండున్నర గంటల సినిమాలో అయిదు పాటలకి ఇరవై నిమిషాలు తీసేస్తే నూట ముప్పై నిమిషాలు మిగులుతాయి. సన్నివేశానికి రెండు నిమిషాల చొప్పున అరవై అయిదు సన్నివేశాలు. ఇంటినిండా జనమున్న కథలో పదిహేను మంది ఆర్టిస్టులు ఒకే గదిలో ఉండాల్సిన కాంబినేషన్ సీన్లు డజను దాకా ఉంటాయి. వాళ్లందరి డేట్లు ఒకేసారి దొరకవు. మేనమామ వేషం వేసినాయన మూడో షెడ్యూలుకి రాలేకపోతే, ఆయన వినాల్సిన నిజం ఆయన లేకుండానే తీస్తారు. రెండు వారాల తర్వాత తీసిన సన్నివేశంలో ఆయన ఆ నిజం తెలిసినట్టే మాట్లాడతాడు, ఎందుకంటే సీన్ పేపర్ పాతదే.

ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఇంకో రకం. మొదటి కూర్పు మూడు గంటలు దాటుతుంది, అరగంట తీసేయాలి. అప్పుడు ముందుగా పోయేవి నవ్వు రాని, ఫైటు లేని, పాట లేని చిన్న సన్నివేశాలు. పంక్తిలోంచి తాతయ్య లేచిపోయే నలభై సెకన్లు సరిగ్గా అలాంటివే. అవి తీసేసినా ఆ చోట కథ తెగినట్టు కనిపించదు, తెగేది గంట తర్వాత. విడుదలైన వారానికి ‘నిడివి ఎక్కువైంది’ అన్న మాట విని ఇంకో పది నిమిషాలు తగ్గించినప్పుడూ ఇదే జరుగుతుంది.

అందుకే షూటింగ్ మొదలవకముందే కో-డైరెక్టరో అసోసియేటో ఒక పట్టిక తయారు చేసుకోవాలి. నిలువు గడుల్లో పాత్రల పేర్లు, అడ్డ వరుసల్లో సన్నివేశాల సంఖ్యలు, కథాక్రమంలో. ముందుగా కథలోని రహస్యాలన్నీ రాసుకుని అంకెలు ఇవ్వాలి. మన కథలో అవి నాలుగు: మనవడెవరో, దాచిన ఉత్తరాలు, పవర్ ఆఫ్ అటార్నీ, పెళ్లికొడుక్కి ఇష్టం లేదన్నది. ఏ పాత్రకి ఏ రహస్యం ఏ సన్నివేశంలో తెలిసిందో ఆ గడిలో ఆ అంకె వేయాలి. ఆ గడి నుంచి కిందికి ఆ పాత్ర మాట్లాడే ప్రతి డైలాగూ చదవాలి. తెలిశాక తెలియనట్టు మాట్లాడిన చోట ఎర్ర గీత. తెలిసీ నోరు విప్పని చోట, ఎందుకు విప్పలేదో పక్కన ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం రాయలేకపోతే అదే లొసుగు. ఇంకో గడిలో కథలో తేదీ, వారం, పొద్దా రాత్రా అన్నది ఉండాలి. సంక్రాంతి, మాఘం తప్పులు అక్కడ దొరుకుతాయి. ఈ పనికి రెండు మూడు రోజులు పడుతుంది. సెట్టు మీద సన్నివేశం మారిన రోజు సాయంత్రమే పట్టిక కూడా మారాలి. అలా మార్చకపోవడం వల్లే ఈ పద్ధతి చాలా చోట్ల మొదటి షెడ్యూలుతోనే ఆగిపోతుంది.

షూటింగ్ అయిపోయాక దొరికిన లొసుగుకి డబ్బింగ్‌లో మందుంది. పాత్ర వీపు కెమెరా వైపు ఉన్న షాట్‌లో, దూరపు షాట్‌లో, ఎదుటివాళ్ల మొహం చూపిస్తున్నప్పుడు పెదాలు కలవాల్సిన పనిలేదు కాబట్టి కొత్త డైలాగు వేయొచ్చు. ‘ఈ మేడ నా కష్టార్జితం’ అన్నది అలా వేయగల మాటే. ఆరేడు మాటలు దాటకూడదు, ఒకే చోట రెండు సమాచారాలు కుక్కకూడదు. వెనక గుమ్మంలోంచి వినిపించే గొంతు, ఫోన్లో అవతలి మాట, చేతిలో శుభలేఖ మీద తేదీ చూపించే ఒక్క ఇన్సర్ట్ షాట్ కూడా పనికొస్తాయి. శుభలేఖ షాట్‌కి ఆర్టిస్టు అక్కర్లేదు, ఒక చెయ్యి చాలు, మిగిలిపోయిన ముక్కలు తీసే ప్యాచ్ వర్క్‌లో గంటలో అయిపోతుంది.

డబ్బింగ్‌తో సరిచేయలేనిది ఒకటుంది. మనిషి ఎందుకు మౌనంగా ఉన్నాడన్నది మాటల్లో చెప్పిస్తే నిలబడదు. ‘చెబితే తాతయ్య తట్టుకోలేడు’ అని ఎవరి వీపు మీద డైలాగు వేసినా ప్రేక్షకుడు నమ్మడు. దానికి పంక్తి భోజనాల సన్నివేశమే కావాలి. నిడివి తగ్గించే రోజున ఎడిటర్ ముందు పెట్టాల్సిన కాగితం మీద, తీయకూడని వాటిలో మొదటి సంఖ్య ఆ సన్నివేశానిదే అయి ఉండాలి. దాని పక్కనే, అది తీసేస్తే అర్థం కాకుండా పోయే సన్నివేశాల సంఖ్యలు కూడా రాసిపెట్టాలి.